ఎవరి ఇంటి పేరు?

మా మనవరాలి బారసాల అయి పది రోజులయింది. ఉయ్యాలలో వేసి, చెవిలో మూడుసార్లు చెంగల్వ అని పేరు పిలిచాం. మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రంలో మాత్రం పేరు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. పుట్టిన ఏడాదిలోపు అయితే రుసుము లేకుండా దాన్ని నింపించుకోవచ్చు. మావాడు దరఖాస్తు తెచ్చి నా ముందు పెట్టి, "నాన్నా, పేరొక్కటే రాయనా, ఇంటిపేరు కలపనా? కలిపితే ముందా, వెనకా?" అన్నాడు. నెల్లూరులో మా వరండాలో నాలుగింటికి మొదలైన ఆ మాట దీపాలు పెట్టేదాకా తెగలేదు.

వాదించినవాళ్ళు ఇద్దరు. ఒకరు మా ఆవిడ. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైంది. రెండోవారు మా చెల్లెలు. తపాలా శాఖలో ఉత్తరాలు విడదీసే పనిలో చేరి పోస్టుమాస్టరుగా దిగింది. మా ఇంటిపేరు దువ్వూరు. మా చెల్లెలు ఆ పేరుతో పుట్టి, ఇరవై రెండో ఏట పెళ్ళిపీటల మీద దాన్ని వదిలేసింది. మా ఆవిడ వేరే పేరుతో పుట్టి, ఇరవై మూడో ఏట ఈ పేరులోకి వచ్చింది. ఆ రోజు ఇంటిపేరు ఉండి తీరాలని పట్టుబట్టింది దాన్ని పోగొట్టుకున్న మనిషి. అక్కర్లేదన్నది నలభై ఏళ్ళుగా దాన్ని మోస్తున్న మనిషి. అందుకే ఈ మాటలు కాగితం మీద పెట్టాలనిపించింది. వాళ్ళ వరసలతోనే రాస్తున్నాను: మా ఆవిడ వదిన, మా చెల్లెలు ఆడపడుచు.

ఆడపడుచు: ఇందులో అడిగేదేముంది? దువ్వూరు అని ముందు రాయండి, పక్కన చెంగల్వ అని రాయండి. ముందు ఇల్లు, తర్వాత మనిషి. మన పద్ధతి అదే గదా.

వదిన: ఏ ఇల్లమ్మాయ్? పాతికేళ్ళు వచ్చేసరికి దానికి ఇంకో ఇల్లు వస్తుంది, ఇంకో పేరు వస్తుంది. నీకు రాలా? నాకు రాలా? పోయేదాన్ని ఇప్పుడెందుకు అంటించడం? చెంగల్వ అన్నది దాని పేరు. అది చాలు.

ఆడపడుచు: చాలదు వదినా. ముప్పై ఆరేళ్ళు పేర్లు చూసిన చేతులివి. మన జిల్లాలో ఉత్తరాల కట్ట విప్పితే ముందు కనపడేది పెంచలయ్య. పెంచలకోన నరసింహస్వామికి మొక్కుకోని ఇల్లు లేదు మరి. సూళ్ళూరుపేట వైపు చెంగయ్యలు, చెంగమ్మలు. అది చెంగాళమ్మ తల్లి పేరు. కసుమూరు దర్గా వల్ల మస్తానయ్యలు, మస్తానమ్మలు. బొట్టు పెట్టుకునే ఇళ్ళలోనే ఆ పేర్లు ఎన్నో ఉన్నాయి. విశాఖపట్నం నుంచి వచ్చే కట్టలో సింహాద్రి అప్పన్న పేరుతో అప్పలరాజులు, అప్పలనాయుళ్ళు. విజయనగరం నుంచి పైడితల్లి, పైడిరాజు. వరంగల్ వైపు కొమురెల్లి మల్లన్న పేరుతో కొమురయ్యలు, మల్లయ్యలు. పేరు చూసి ఏ కొండ కింది మనిషో చెప్పేదాన్ని. కానీ ఒకే వీధిలో నలుగురు పెంచలయ్యలుంటే మనియార్డరు ఎవరికియ్యాలి? ఇంటిపేరు చూడాల్సిందే.

మా చెల్లెలు చెప్పిన ఈ పటం నాకు ఎంతో ఇష్టం. భూగోళం పుస్తకంలో దొరకనిది. ఏ తల్లికి ఏ దేవుడి మీద నమ్మకమో, ఏ దర్గాలో ఎవరు తాయెత్తు కట్టించుకున్నారో, అంతా పిల్లల పేర్లలో ఉంది. మా మనవరాలి పేరు కూడా అలా వచ్చిందే. మా అమ్మ పేరు చెంగమ్మ. ఆ పేరు పెట్టాలని మాకు, కొత్త పేరు కావాలని కోడలికి. చెంగల్వ అన్న ఎర్ర కలువ పేరు వెతికి పట్టుకొచ్చింది కోడలే.

వదిన: మనియార్డరు కోసం కావాలన్నావు చూడు, అదీ అసలు సంగతి. ఇంటిపేరు కావలసింది మనిషికి కాదు, లెక్క రాసేవాడికి. పన్ను వసూలుకు, సైన్యంలో చేర్చుకోవడానికి. జపాన్‌లో మామూలు రైతులకు ఇంటిపేరు వాడుకునే హక్కు ఉండేది కాదు. 1870లో పెట్టుకోవచ్చన్నారు, 1875లో పెట్టుకు తీరాలన్నారు. దాంతో పొలం నడుమ ఉన్నవాడు తనకా, కొండ మొదట్లో ఉన్నవాడు యమమొతో అని రాయించుకున్నారు. ఫిలిప్పీన్స్‌లో 1849లో స్పెయిన్ గవర్నరు క్లావెరియా ఏకంగా పేర్ల పుస్తకమే అచ్చేయించి ఊరూరికీ పంపించాడు. అందులోంచి ఏరుకోమన్నారు. ఊరికి కొన్ని పుటలు పంచితే, ఊరంతా ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు వచ్చిన చోట్లున్నాయి. తుర్కియేలో 1934లో చట్టం చేసేదాకా జనంలో ఎక్కువమందికి ఇంటిపేర్లే లేవు. ముస్తఫా కెమాల్‌కు అతాతుర్క్ అన్నది అప్పుడు పార్లమెంటు ఇచ్చిన పేరు. సర్కారు ముద్రను పట్టుకుని వంశగౌరవం అంటున్నాం.

ఆడపడుచు: వాళ్ళకు సర్కారు ఇచ్చిందేమో. మనకు ఎవరిచ్చారు? మన ఇంటిపేర్లు నడిచి వచ్చిన పేర్లు వదినా. ఆలోచించు. దువ్వూరులో ఉన్నంతకాలం మనల్ని ఎవరైనా దువ్వూరు వాళ్ళంటారా? ఊరంతా దువ్వూరు వాళ్ళే గదా. కరువొచ్చో, పిల్లనిచ్చో, కొలువు దొరికో ఆ ఊరు దాటి ఇంకో ఊళ్ళో పొయ్యి పెట్టాక, అక్కడివాళ్ళు "ఆ దువ్వూరు నుంచి వచ్చినవాళ్ళు" అన్నారు. ఊరు వదిలినందుకు గుర్తుగా మిగిలిన మాట అది. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టింది తిరుత్తణిలో. మన పక్కనున్న సర్వేపల్లి పేరు ఆయన వెంట రాష్ట్రపతి భవన్‌దాకా పోయింది. ఆయన పూర్వీకులు ఇక్కడినుంచి కదిలారని చెప్పడానికి ఇంకే కాగితం కావాలి? పుట్టపర్తి నారాయణాచార్యుల వాళ్ళు మొదట తిరుమల వారు. చిత్రావతి ఒడ్డున పుట్టపర్తిలో ఉండి వచ్చినందుకు పుట్టపర్తి వారయ్యారు. 

వదిన: సరే, మనం ఏ దువ్వూరు నుంచి వచ్చాం? పెన్న ఒడ్డున సంగం దగ్గర ఒక దువ్వూరు ఉంది. కడప జిల్లాలో ఇంకో దువ్వూరు ఉంది. చెప్పు.

మా చెల్లెలు నావైపు చూసింది. నాకూ తెలియదు. సంగం దగ్గరిదే అయి ఉంటుందని మా నాయన అనేవాడు. అనేవాడు, అంతే.

ఆడపడుచు: తెలియకపోతే వెతుక్కుంటాం. రెండే ఊళ్ళు గదా. పేరే లేకపోతే ఎక్కడ వెతుకుతాం? 1860లో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడలో మనవాళ్ళను చెరకు తోటల్లో పనికి దక్షిణాఫ్రికాలోని నాటాల్ తీసుకుపోయారు. ఆ తర్వాత ఎన్ని ఓడలు పోయాయో. మారిషస్‌కు అంతకు ముందే పోయారు. అక్కడి గుమాస్తాకు మన ఇంటిపేరు ఏం తెలుస్తుంది? అప్పన్న అని చెబితే అప్పన్న అని రాసుకున్నాడు. దిగిన మనిషి సొంత పేరు కొడుకులకు, మనవలకు ఇంటిపేరై కూర్చుంది. నాయుడు అన్నది దక్షిణాఫ్రికాలో ఇంటిపేరుగానే మిగిలింది. ఊరి పేరు సముద్రంలో కలిసిపోయింది. ఇవాళ వాళ్ళ ముని మనవలు ఓడల జాబితాలు తిరగేస్తున్నారు. తండ్రి పేరు, జిల్లా, తాలూకా, గ్రామం అని అందులో రాసి ఉంటుంది గదా, దాన్ని పట్టుకుని ఊరు వెతుక్కుంటున్నారు. ఇంటిపేరు ఉండి ఉంటే ఆ పుస్తకాలతో పనేముంది?

వదిన: అదే ఓడ కథ ఇంకో ఒడ్డు నుంచి చెబుతా విను. ఆఫ్రికా నుంచి అమెరికాకు ఎత్తుకుపోయిన వాళ్ళకు ఎంతోమందికి ఇంటిపేరు ఎవరిది? కొనుక్కున్న యజమానిది. మాల్కం లిటిల్ ఆ లిటిల్‌ని తీసేసి ఎక్స్ అని పెట్టుకున్నాడు. తెలియని దానికి లెక్కల్లో పెట్టుకునే ఎక్స్. ఇంటిపేరు ఉన్నంత మాత్రాన అది మనదైపోతుందా?

ఆడపడుచు: ఆయన ఖాళీగా వదల్లేదు గదా వదినా. పోయిందని చెప్పడానికైనా ఆ చోట ఒక అక్షరం పెట్టుకున్నాడు.

ఈ మాటకు మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. కాఫీలు తాగాం. తర్వాత తను ఎత్తుకున్న సంగతి మా ఇద్దరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో నాకు వేరే ఊరికి బదిలీ అయితే అద్దె ఇల్లు చూడబోయాం. ఇంటి యజమాని మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. నా ఉద్యోగం అడగలేదు, జీతం అడగలేదు.

వదిన: "మీ ఇంటిపేరేంటమ్మా?" అన్నాడు. చెప్పాను. దాంతో తెగలేదు ఆయనకు. "ఏ దువ్వూరు వారు?" అన్నాడు. ఆయన అడిగేది ఊరు గురించి కాదని నాకు తెలుసు, నాకు తెలుసునని ఆయనకూ తెలుసు. బళ్ళో కొత్త టీచరు వస్తే స్టాఫు రూములో మొదట అడిగేది ఇదే. హాజరు పట్టీలో పిల్లల ఇంటిపేర్లు చూసి లెక్కలు కట్టేవాళ్ళను చూశాను. ఆత్మగౌరవ ఉద్యమంలో పెరియార్ తన పేరు చివర నాయకర్ తీసేశాడు. తమిళులు ఎంతమంది ఆ దారిన పోయారు! ఇవాళ తండ్రి పేరు మొదటి అక్షరం, తన పేరు, అంతే. మనం ఎందుకు పోకూడదు?

ఆడపడుచు: వాళ్ళు తీసింది తోకను. మనకు ఆ తోక వేరే ఉంది గదా? రెడ్డి, నాయుడు, చౌదరి, శర్మ. దాన్ని తీసెయ్, నేను ఒప్పుకుంటా. చెంగల్వకు ఏ తోకా వద్దు. ఇంటిపేరు మాత్రం ఊరిది. ఒక ఊరినుంచి నాలుగు కులాలవాళ్ళు కదిలితే నలుగురికీ ఒకే ఇంటిపేరు. అందుకే గదా ఆయన రెండోసారి అడగాల్సి వచ్చింది! దువ్వూరు అనగానే తెలిసిపోయి ఉంటే "ఏ దువ్వూరు వారు" అని ఎందుకంటాడు?

ఇక్కడ మా చెల్లెలిదే న్యాయమని నాకనిపించింది. వాడుకునేవాడి బుద్ధిని పేరుకు అంటగట్టలేం.

మధ్యలో మావాడు, తనతో పనిచేసే తమిళ మిత్రుడి సంగతి చెప్పాడు. పాస్‌పోర్టులో అతనికి ఒకటే పేరు. అమెరికా వీసా మీద దాన్ని ఇంటిపేరు గడిలో వేసి, సొంత పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ అని కొట్టారట. పేరు తెలియదని దానర్థం. "ఏ దేశం ఫారమైనా రెండు గడులు అడుగుతోంది, కాబట్టి రెండూ ఉంటే మేలు" అన్నాడు. పనికొచ్చే మాటే. కానీ ఫారం కోసం ఒప్పుకోవడం మా ఇంట్లో ఇద్దరికీ నచ్చలేదు.

వదిన: సరే అమ్మాయ్. ఇంటిపేరు జ్ఞాపకం అన్నావు. మీ నాయన పేరు పుల్లయ్య. ఎందుకు పెట్టారు?

ఆడపడుచు: ఆయనకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. నాయన పుట్టగానే పుల్లాకుల మీద దొర్లించి తీసుకున్నారు. ఎంగిలాకు లాంటివాడు, వీడు మాకొద్దు అనిపించుకుంటే చావు ముట్టుకోదని. 

వదిన: పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య అన్నారు ఇంకో ఇంట్లో. మంగోలియాలో బిడ్డలు నిలవకపోతే నెర్‌గుయ్ అని పెట్టేవారు, పేరు లేదని దానర్థం. ఎనెబిష్ అంటే ఇది కాదు అని. నైజీరియాలో యోరుబా తల్లి కొసొకో అని పిలిచింది. గొయ్యి తవ్వడానికి పార లేదు, పోవద్దు అని. చైనా పల్లెల్లో కుక్క తినగా మిగిలినవాడు అనేవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూడని తల్లులు, అందరికీ అదే భయం, అందరికీ అదే ఉపాయం. మీ నాయన పేరులో మీ నాయనమ్మ ఉంది. ఇద్దరు బిడ్డలను పూడ్చిపెట్టిన మనిషి మూడోవాడిని పట్టుకున్న పట్టు ఉంది. ఇంటిపేరులో ఆమె ఎక్కడుంది? ఆమె పుట్టింటి పేరేంటి?

మా చెల్లెలు నోరు తెరిచి ఊరుకుంది. నేనూ అంతే. నాయనమ్మ ఒళ్ళో పెరిగిన వాళ్ళం. పదకొండేళ్ళకు కాపురానికొచ్చిందని తెలుసు. అన్నదమ్ములు లేరని, పుట్టింటి వాకిలి ఎప్పుడో మూసుకుపోయిందని తెలుసు. ఆ ఇంటి పేరు మాకు తెలియదు. అడగాలని ఎప్పుడూ అనిపించలేదు.

వదిన: దువ్వూరు ఎప్పటిదో, మూడు వందల ఏళ్ళ కిందటి ఊరు, అది నీకు గుర్తుంది. నిన్ను ఎత్తుకు మోసిన మనిషి ఏ ఇంటిదో తెలియదు. ఇదమ్మాయ్ ఇంటిపేరు చేసే పని. ఒకదాన్ని దాచి పది చెరిపేస్తుంది.

ఆడపడుచు: నాకు చెబుతావా వదినా? నా ఎస్సెస్సెల్సీ పుస్తకంలో ఒక ఇంటిపేరు, పింఛను కాగితంలో ఇంకోటి. ఇద్దరూ ఒకరేనని నోటరీ దగ్గర ప్రమాణం చేశాను. పోయింది కాబట్టే దాని విలువ నాకు తెలిసింది. నీకు ఉంది, నువ్వు వద్దనగలవు.

వదిన: నాకున్నది నీ పేరు. నాది కాదు.

ఈ మాట దగ్గర ఇద్దరి గొంతూ తగ్గింది. ఆ తర్వాత జరిగింది వాదన అనలేను. ఇద్దరూ ఒకే గాయాన్ని చెరో వైపు నుంచి తడిమి చూస్తున్నట్టుంది. మా ఆవిడ చైనా లిపి గురించి చెప్పింది. అక్కడ ఇంటిపేరు అనే అక్షరంలో ఆడది, పుట్టుక అనే రెండు గుర్తులు కలిసి ఉంటాయి. చాలా పాత వంశనామాలు కొన్నిటిలో ఆడది అనే గుర్తే ఉంది. అక్కడా, కొరియాలోనూ పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. పిల్లలకు మాత్రం ఎక్కువగా తండ్రిదే వస్తుంది. ఐస్‌లాండ్‌లో ఎక్కువమందికి ఇంటిపేరే లేదు. యోన్ కొడుకు యోన్‌సన్, కూతురు యోన్స్‌దోత్తిర్. ఎవరిని పెళ్ళాడినా ఆ అమ్మాయి యోన్ కూతురే. టెలిఫోను పుస్తకంలో కూడా సొంత పేర్ల వరసలోనే వేసేవారు. జపాన్‌లో మాత్రం భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు ఉండాలని చట్టం. ఎవరిదైనా పెట్టుకోవచ్చని రాసి ఉన్నా, మార్చుకునేది వందకు దాదాపు తొంభై ఐదు మంది ఆడవాళ్ళే. ఆ చట్టం చెల్లుతుందని అక్కడి సుప్రీం కోర్టు 2015లో ఒకసారి, 2021లో మరోసారి చెప్పింది.

వదిన: మన మగవాళ్ళకూ మారేది అమ్మాయ్. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట్లో, దత్తు పోయి శ్రీరంగం అయ్యాడు. చలం పుట్టింది కొంపెల్ల వారింట్లో, అమ్మ తరఫు తాత దత్తత తీసుకుంటే గుడిపాటి అయ్యాడు. మగవాడికి ఇంటిపేరు మారితే దాన్ని దత్తత అంటారు. మంత్రం ఉంటుంది, ఆస్తి వస్తుంది, ఎక్కడినుంచి ఎక్కడికి పోయాడో నాలుగు తరాలు చెప్పుకుంటారు. ఆడదానికి మారితే ఎవరు చెప్పుకుంటారు?

ఆడపడుచు: అయితే మార్చవద్దందాం. తీసెయ్యమని ఎందుకంటావు? మన దేశంలో పెళ్ళికి ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ లేదు. కోడలు మార్చుకుందా?

కోడలు అంతసేపూ బిడ్డను ఒళ్ళో వేసుకుని వింటోంది. మార్చుకోలేదు. దాని పాస్‌పోర్టులో పుట్టింటి పేరే ఉంది. "అత్తయ్యా, స్పెయిన్‌లో తండ్రిదీ తల్లిదీ రెండూ పెడతారట గదా, అలా రాద్దామా?" అంది. "రాయొచ్చు. తర్వాతి తరానికి ఆ రెండో పేరు జారిపోతుంది. ఎందుకంటే అక్కడా తల్లి అందించేది తన తండ్రి పేరే" అంది మా ఆవిడ. అప్పుడు మా చెల్లెలు ఫోను తీసింది.

మా చిన్న మేనత్త కావలిలో ఉంటుంది. ఎనభై ఎనిమిదేళ్ళు. చెవి సరిగా వినపడదు. నాలుగుసార్లు అరిచి అడిగితే, "మా అమ్మా? మా అమ్మ గండవరం వాళ్ళ పిల్ల. ఇన్నేళ్ళకు మీకు అదెందుకు కావాల్సొచ్చింది?" అంది. వాళ్ళ అమ్మమ్మ పుట్టింటి పేరు అడిగాం. కాసేపు ఆలోచించి, "అది మా అమ్మకు తెలుసు" అంది.

నా అభిప్రాయం అడిగారు, చెప్పాను. ఇంటిపేరు ఉండాలి. కులం చెప్పే తోక ఉండకూడదు. ఒకసారి రాసిన పేరు పెళ్ళి కోసం ఎవరూ మార్చకూడదు. మా ఆవిడ మొదటిదానికి ఇప్పటికీ ఒప్పుకోలేదు. మూడోది నిలబెడతామని కొడుకూ కోడలూ మాటిస్తేనే దరఖాస్తు ముట్టుకోనిచ్చింది. దువ్వూరు చెంగల్వ అని రాసి మర్నాడు మునిసిపాలిటీలో ఇచ్చొచ్చాం. ఇంట్లో పెళ్ళిళ్ళూ పురుళ్ళూ రాసుకునే పాత నోటుబుక్కు ఒకటుంది. అందులో మగవాళ్ళవి ఏడు తరాలున్నాయి. ఎదురు పేజీలో మా చెల్లెలు తన చేత్తో కోడలి ఇంటిపేరు, మా ఆవిడది, మా అమ్మది, నాయనమ్మది రాసింది. గండవరం దగ్గర ఆగింది.

మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్ళు ఉంటే, మీ నాయనమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మ పుట్టింటి పేరు ఈ వారంలోనే అడిగి రాసుకోండి.